అడవికి వకాల్తా పుచ్చుకునే పిల్లలు: ఏ శిక్షణ ఎవరికి సరిపోతుంది?

పోయినేడాది ఎండాకాలం సెలవుల ముందు ఒక తండ్రి తన ఫోన్‌లో కరపత్రం ఒకటి చూపించి అడిగారు. "సార్, నల్లమలలో రెండు రోజుల క్యాంపట. మనిషికి నాలుగు వేలు. మా పాపకు అడవులంటే ప్రాణం. పంపమంటారా?" ఆ పాప ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. నేను ఔననలేదు, కాదనలేదు. "క్యాంపు నుంచి వచ్చినాక ఏం చేస్తది?" అని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు. కరపత్రంలోనూ లేదు.

అచ్చంపేట, కల్వకుర్తి, దేవరకొండ వైపు ఈ మధ్య ఈ మాట చాలామంది అడుగుతున్నారు. పిల్లలకు అడవి చూపించేవాళ్లు పెరిగారు. అడవి తరఫున మాట్లాడేలా తయారుచేసేవాళ్లు మాత్రం తక్కువే. ఈ రెండూ వేర్వేరు పనులు. పులి ఫొటో చూసి మురిసిపోవడం ఒకటి. గ్రామసభలో లేచి నిలబడి "రోడ్డు ఇటు నుంచి పోతే కణుజులు నీళ్లకు దిగే దారి తెగిపోతది, అటు నుంచి వేయండి" అని చెప్పగలగడం ఇంకొకటి. ఆ రెండోదాని కోసం మనకున్న దారులేమిటి, ఏది ఎవరికి పనికొస్తుంది అన్నది పదిహేనేళ్లుగా జీవశాస్త్రం చెబుతూ, పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగిన అనుభవంతో రాస్తున్నాను.

ముందు మన అడవి సంగతి

తెలంగాణలో నేషనల్ పార్కులు మూడు: కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలవే. మన దక్షిణ తెలంగాణకు ఉన్నది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పేరుతో టైగర్ రిజర్వ్ అయిన అడవి 2014లో రాష్ట్రంతో పాటే రెండుగా విడిపోయింది. మన వాటాకు వచ్చిన కోర్ ఏరియా, అంటే గట్టి కాపలా ఉండే నడిమి అడవి, 2,166 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఉండే బఫర్ మరో 445. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో పరుచుకుని ఉంది.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, నేషనల్ పార్కు లోపల మనుషులకు మామూలుగా హక్కులుండవు. అమ్రాబాద్ కోర్ లోపల చెంచు పెంటలు, అంటే చెంచు గిరిజనుల గూడేలు ఉన్నాయి. అప్పాపూర్, భౌరాపూర్, మల్లాపూర్ మనుషులు తరతరాలుగా అక్కడే తేనె తీస్తున్నారు, బంక ఏరుతున్నారు. అందుకని "మనుషులంతా బయటికి, జంతువులు లోపలికి" అని నేర్పే శిక్షణ మన పిల్లలకు సగమే పనికొస్తుంది. ఎవరు ఏ క్యాంపు పెట్టినా నేను మొదట అడిగేది ఇదే: మీ దగ్గర పాఠం చెప్పేవాళ్లలో చెంచు మనిషి ఉన్నాడా? వంట చేయడానికి, దారి చూపడానికి కాదు, పాఠం చెప్పడానికి.

రెండు రోజుల క్యాంపు

మన్ననూరులో అటవీశాఖ కాటేజీలున్నాయి, ఫర్హాబాద్ దాకా సఫారీ ఉంది. చెంచు యువకులే గైడ్లుగా వస్తారు. డబ్బు పెట్టగలిగితే ఇది మంచి మొదలు. పొద్దున్నే ఫర్హాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడి కింద లోయ మీద మంచు విడిపోవడం చూసిన పిల్లలకు ఆ తర్వాత "బయోడైవర్సిటీ" అన్న మాట బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

కానీ క్యాంపు ఒక్కటే శిక్షణ అనుకుంటే డబ్బు దండగ. నేను పిల్లలతో వెళ్లిన ఒక క్యాంపులో బస్సుకు అరవైమందిని ఎక్కించారు. అడవిలో మైకు పెట్టారు. రెండో రోజు మధ్యాహ్నం సర్టిఫికెట్లు పంచి గ్రూప్ ఫొటో తీసుకున్నారు. వచ్చేటప్పుడు మా పిల్లల్లో ఒకడు బస్సు కిటికీలోంచి కోతులకు అరటిపండు విసిరాడు. రెండు రోజులు అడవి గురించి విన్న పిల్లవాడు! శ్రీశైలం రోడ్డు మీద కోతులు రోడ్డు పక్కనే కాపురం పెట్టడానికి, బండ్ల కింద పడి చావడానికి కారణం ఆ అరటిపండేనని వాడికి ఎవరూ చెప్పలేదు. ఆ మాట నేను కూడా చెప్పలేదు. వాణ్ని తిట్టబుద్ధి కాలేదు.

పంపే ముందు ఇవి అడగండి. ఒక గైడ్‌కు ఎంతమంది పిల్లలు? పది దాటితే వద్దనే చెబుతాను. అటవీశాఖ అనుమతి కాగితం ఉందా? అనుమతి లేకుండా అభయారణ్యంలో కాలు పెట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. "మాకు తెలిసినోళ్లున్నారు" అన్న మాట అనుమతి కిందికి రాదు. ఆడపిల్లలతో ఆడ టీచరో, వార్డెనో ఉంటారా, బాత్రూములు ఎక్కడ? పాము కరిస్తే యాంటీ వీనం ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏది, అక్కడికి చేర్చే బండి రాత్రంతా క్యాంపులోనే ఉంటుందా? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాళ్లను నమ్మొచ్చు. ఇంకొకటి, జూలై నుంచి సెప్టెంబరు దాకా వానాకాలంలో టైగర్ రిజర్వ్‌లో సందర్శకులను రానివ్వరు. ఆ నెలల్లో "కోర్ ఏరియా ట్రెక్" అని ఎవరైనా ప్రకటన ఇస్తే అక్కడికక్కడే అనుమానించండి.

బడిలో ఎకో క్లబ్

2001లో మొదలైన నేషనల్ గ్రీన్ కోర్ అనే కేంద్ర పథకంతో బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. ఖర్చు లేదు, దూరం లేదు, ఆడపిల్లల్ని పంపడానికి ఇంట్లో అభ్యంతరమూ ఉండదు. నడిచేదీ ఆగేదీ ఒక్క టీచర్ మీద. ఆ టీచర్‌కు బదిలీ అయితే క్లబ్ కూడా బదిలీ అయినట్టే. ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది చాలు.

ఆ వయసుకు పెద్ద అడవి కూడా అక్కర్లేదు. మహబూబ్‌నగర్ దగ్గర పిల్లలమర్రి ఉంది కదా, ఏడు వందల ఏళ్లనాటి చెట్టు అంటారు. జనం కొమ్మలెక్కి ఊగారు, చెదలు పట్టింది, పెద్ద కొమ్మ విరిగి పడింది. చివరికి సందర్శకులను ఆపేసి, 2018లో అటవీశాఖవాళ్లు రోగికి సెలైన్ ఎక్కించినట్టు సీసాలు వేలాడదీసి కొమ్మల్లోకి మందు ఎక్కించారు. ఊడలు నేలకు దిగడానికి పైపులు కట్టారు. ఏడో తరగతి పిల్లలకు ఈ కథ చెప్పి "ఆ కొమ్మ మీద ఊగింది ఎవరు?" అని అడిగి చూడండి. సగం మంది తలకాయలు దించుకుంటారు. అక్కడి నుంచి పాఠం దానంతటదే నడుస్తుంది.

ఒకే చోటు, ఒకే నోట్‌బుక్

పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఇది. చూడటానికి చాలా చిన్న పని. ఊరి చెరువో, గుట్టో, వాగో ఒకటి ఎంచుకోవాలి. వారానికి ఒక పొద్దు, అరగంట, అక్కడికే పోవాలి. కనిపించిన పిట్టలు, పూసిన చెట్టు, నీటి మట్టం, కొత్తగా పడిన చెత్త అన్నీ తేదీ వేసి రాయాలి. ఫోన్ ఉంటే ఈబర్డ్ యాప్‌లో ఎక్కించొచ్చు. పిట్ట పేరు తెలియకపోతే మెర్లిన్ యాప్ అరుపు విని చెబుతుంది. రెండూ ఉచితమే. పూలు, పురుగుల కోసం ఐనేచురలిస్ట్ ఉంది. బైనాక్యులర్స్ ప్రతి పిల్లకూ అక్కర్లేదు, ఐదుగురికి ఒకటి కొంటే సరిపోతుంది.

ఇది శిక్షణ ఎట్లా అవుతుందని అడిగే తల్లిదండ్రులున్నారు. నేను కళ్లారా చూసింది చెబుతాను.

దసరా నాడు పాలపిట్టను చూడటం మన దగ్గర ఆచారం. అది మన రాష్ట్ర పక్షి కూడా. పండుగ పూట కొందరు దాన్ని పట్టి, కాళ్లు కట్టేసి, పంజరంలో పెట్టి గుడి ముందు డబ్బులకు చూపిస్తారు. పట్టడమే నేరమని చాలామందికి తెలియదు. మా పిల్లల్లో ఒకమ్మాయి ఎనిమిది నెలలుగా చెరువు కట్ట మీద నోట్స్ రాస్తోంది. ఆ రోజు గుడి దగ్గర ఒక ముసలమ్మ పది రూపాయలు ఇయ్యబోతుంటే ఈ పిల్ల చట్టం మాట ఎత్తలేదు. "అవ్వా, దాని నీలం రంగు రెక్క విప్పితేనే కనిపిస్తది. ఇట్ల ముడుచుకుని కూర్చుంటే మట్టి రంగే. కట్ట మీద కరెంటు తీగ మీద రోజూ ఒకటి కూర్చుంటది, రా, చూపిస్త" అంది. ముసలమ్మ వెళ్లింది. ఆమె వెనక ఇంకో పదిమంది వెళ్లారు. తీగ మీది పిట్ట ఎగిరింది, నీలం కనిపించింది, అందరూ దండం పెట్టుకున్నారు.

ఎనిమిది నెలల నోట్స్ లేకపోతే ఆ పిట్ట ఏ తీగ మీద కూర్చుంటుందో ఆ పిల్లకు తెలిసేది కాదు. ఆ మాట అంత ధీమాగా అనగలిగేది కూడా కాదు. క్యాంపు నుంచి వచ్చిన పిల్లలు విన్నది చెబుతారు. నోట్‌బుక్ ఉన్న పిల్లలు చూసింది చెబుతారు. ఎదుటివాళ్లకు ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. ఒంటరిగా చేస్తే మూడో వారానికి విసుగు పుడుతుంది. కనీసం ముగ్గురు జట్టుగా ఉండాలి. పరీక్షల నెలలో వారం తప్పితే టెన్షన్ పడొద్దు, ఆ ఖాళీని ఖాళీగానే వదిలేయండి. ఊహించి నింపితే మిగతా పేజీలను కూడా ఎవరూ నమ్మరు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతా పిట్టల్ని లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటుంది. మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి ముహూర్తం లేదు. తమ చెరువు లెక్క కూడా లోకం లెక్కలో కలిసిందని తెలిస్తే పిల్లలకు వచ్చే హుషారు వేరు.

సంస్థలతో, అటవీశాఖతో వాలంటీర్ పని

పద్దెనిమిది నిండినవాళ్లకే. హైదరాబాద్ టైగర్ కన్జర్వేషన్ సొసైటీ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ లాంటి సంస్థలు, అటవీశాఖ అప్పుడప్పుడు వాలంటీర్లను తీసుకుంటాయి. ఎండాకాలం నీటి తొట్ల దగ్గర పని, వన్యప్రాణుల లెక్కింపు, సలేశ్వరం జాతరలో ప్లాస్టిక్ ఏరడం లాంటివి. నడక ఎక్కువ, నిద్ర తక్కువ, జీతం ఉండదు.

ఇక్కడ పిల్లలు నేర్చుకునే అసలు విషయం అటవీ సిబ్బంది బతుకు. బేస్ క్యాంపులో నెలల తరబడి ఉండే ప్రొటెక్షన్ వాచర్లలో చెంచులు చాలామంది. వాళ్లతో ఒక రాత్రి గడిపిన కుర్రవాడు "ఫారెస్టోళ్లు ఏం చేస్తున్నరు?" అని ఫేస్‌బుక్‌లో తేలిగ్గా రాయడు. ఫిబ్రవరి నుంచి మే దాకా మంటల కాలం. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహం ద్వారా పసిగట్టిన మంటల సమాచారాన్ని పేరు నమోదు చేసుకున్న ఎవరికైనా పంపుతుంది. ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు ఆ అలర్ట్‌లు పెట్టుకుని, బీట్ ఆఫీసర్ నంబర్ దగ్గర ఉంచుకుంటే చాలు. మంట దగ్గరికి మాత్రం వాళ్లంతట వాళ్లు పోకూడదు. ఈ షరతు తల్లిదండ్రులే గట్టిగా పెట్టాలి.

చట్టం, కాగితం, పబ్లిక్ హియరింగ్

అన్నిట్లోకీ తక్కువమంది నేర్పేది ఇదే. నా లెక్కన అడవికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమైనదీ ఇదే.

మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. నల్లగొండ జిల్లా లంబాపూర్-పెద్దగట్టు దగ్గర యురేనియం తవ్వుతామన్నప్పుడు 2003లో పబ్లిక్ హియరింగ్, అంటే ప్రాజెక్టు మీద జనం మాట వినే బహిరంగ విచారణ, జరిగింది. పక్కనే సాగర్ జలాశయం. జనం అక్కడ తమ భయాన్ని నోటితో చెప్పారు. తర్వాత 2019 మేలో అమ్రాబాద్‌లో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఊళ్లు కదిలాయి, కాలేజీ పిల్లలు కదిలారు, హైదరాబాద్‌లో సినిమావాళ్ల దాకా మాట్లాడారు. ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది. అప్పుడు ఇంటర్ చదివిన పిల్లలు ఇప్పుడు ఓటర్లు. హ్యాష్‌ట్యాగ్ పెట్టడం చాలామందికి గుర్తుంది. అభ్యంతరం కాగితం మీద ఎట్లా రాయాలో తెలిసినవాళ్లు ఊరికి ఒకరైనా ఉన్నారా అంటే నాకు నమ్మకం లేదు.

నేర్పాల్సింది పెద్దదేం కాదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఒక పేజీ. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. పెద్ద ప్రాజెక్టు వస్తే 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం పబ్లిక్ హియరింగ్‌కు కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో కూడా ఉండాలి, కలెక్టరేట్‌లో చూడనివ్వాలి. హియరింగ్‌కు పోలేనివాళ్లు రాతపూర్వకంగా పంపొచ్చు. అటవీ హక్కుల చట్టం, 2006 గ్రామసభకు ఏ అధికారం ఇచ్చిందో కూడా చదివించాలి. కోర్ నుంచి కుటుంబాలను తరలించాలంటే గ్రామసభ తెలిసి, ఇష్టపడి ఒప్పుకోవాలని చట్టంలోనే ఉంది. తరలింపు ప్యాకేజీ 2021 నుంచి కుటుంబానికి 15 లక్షలు. పోదామనే కుటుంబాలూ ఉన్నాయి, కదలమనే కుటుంబాలూ ఉన్నాయి. అడవి తరఫున మాట్లాడతానన్న పిల్లలు ఈ ఇద్దరి మాటా కూర్చుని వినకుండా మైకు పట్టుకోకూడదు. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను.

మేము కాలేజీలో ఉత్తుత్తి హియరింగ్ పెడతాం. ఒకరు కలెక్టర్, ఒకరు కంపెనీ, ఒకరు రైతు, ఒకరు పశువుల కాపరి. ఒక్కొక్కరికి రెండే నిమిషాలు. మొదటిసారి అందరూ "ప్రకృతి మన తల్లి" అని మొదలుపెట్టి రెండు నిమిషాలూ అక్కడే ఖర్చుచేస్తారు. రెండోసారి ఒక నియమం పెడతాను: మొదటి వాక్యంలో ఊరి పేరు, రెండో వాక్యంలో ఒక అంకె, మూడో వాక్యంలో ఏం కావాలో. "మాది చందంపేట మండలం. మా వాగులో పోయినేడు ఏప్రిల్ 20 దాకా నీళ్లున్నయి, ఈ ఏడు మార్చిలనే ఎండింది. బోర్లు వేసే ముందు వాగు కొలత తీయించండి." ఇట్లా మాట్లాడిన పిల్లను మధ్యలో ఆపడం ఏ అధికారికైనా కష్టం. ఆ అంకె నోట్‌బుక్‌లోంచి వస్తుంది. అందుకే ఆ రెండు దారులనూ నేను విడదీయను.

పద్దెనిమిది నిండని పిల్లలకు గ్రామసభలో సభ్యత్వం లేదు. ఉత్తరం రాసే హక్కు మాత్రం ఉంది. సంతకం కింద తరగతి, ఊరు రాసి రేంజ్ ఆఫీసర్‌కు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోమంటాను. ముద్ర పడిన కాగితం ఇంటికి తెచ్చిన రోజు పిల్లలు ఇంకో రెండు అంగుళాలు ఎదిగినట్టు నడుస్తారు.

డిగ్రీ, ఉద్యోగం

అడవినే జీవనోపాధి చేసుకోవాలనుకునే పిల్లలకు ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. ఇది సిద్దిపేట జిల్లా ములుగు, సమ్మక్క సారక్కల ములుగు కాదు. చాలామంది పొరబడతారు. పరిశోధన మీద మనసుంటే డిగ్రీ తర్వాత డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీకి ప్రయత్నించొచ్చు, పోటీ గట్టిది. అడవి కోసం మాట్లాడాలంటే మాత్రం ఈ డిగ్రీ తప్పనిసరి కాదు. లా చదివిన పిల్ల, జర్నలిజం చదివిన పిల్లవాడు, సర్పంచ్‌గా గెలిచిన మేకల కాపరి, వీళ్లు కూడా అంతే అవసరం.

మరి ఎవరికి ఏది?

తొమ్మిదో తరగతి లోపయితే ఎకో క్లబ్, ఊళ్లో చెట్టు. డబ్బు పెట్టకండి. పదో తరగతి నుంచి ఇంటర్ దాకా నోట్‌బుక్. ఏడాది రాశాక బహుమతిగా ఒక క్యాంపు, అంతేగాని క్యాంపు ముందు కాదు. డిగ్రీ పిల్లలకు కాగితం పని, వీలైతే వాలంటీర్ పని. చదువు మధ్యలో ఆపి ఊళ్లోనే ఉన్న కుర్రాళ్లకు నోట్‌బుక్ కన్నా గ్రామసభే ముందు. మాట్లాడటం వాళ్లకు మనకన్నా బాగా వచ్చు. పెంటల నుంచి వచ్చే చెంచు పిల్లలకు అడవి గురించి మనం నేర్పేది తక్కువ. వాళ్లకు కావలసింది చట్టం తెలియడం, కాగితం రాయడం, ఆఫీసులో కుర్చీ వేయించుకుని కూర్చోగలిగే ధైర్యం. వాళ్లతో మన పిల్లల్ని జంట కట్టించండి. ఒకరు కాగితం రాస్తే ఇంకొకరు అడుగుజాడ చదువుతారు.

ఆ తండ్రికి కూడా ఇదే చెప్పాను. ఆ ఎండాకాలం పాపను క్యాంపుకు పంపలేదు. నాలుగు వేలలో కొంత పెట్టి ముగ్గురు స్నేహితురాళ్లకు కలిపి ఒక బైనాక్యులర్ కొన్నారు. జూన్ నుంచి వాళ్ల ఊరి చెరువు మీద రాస్తున్నారు, ఇప్పుడు మూడో నోట్‌బుక్ నడుస్తోంది. అక్టోబరులో అడవి తెరిచాక తొమ్మిదిమందిమి ఫర్హాబాద్ పోతున్నాం. గైడ్‌ను అడగాల్సిన ప్రశ్నలు ఆ పాప ఇప్పటికే చివరి పేజీలో రాసి పెట్టుకుంది. మొదటిది ఇది: "అన్నా, ఎండాకాలం ఏ చెలమ చివరిదాకా ఎండదు? అక్కడికి ముందు ఏ జంతువు వస్తది?"